పిలకాయల్ని ఇంటికి పంపే పోటీ వద్దమ్మా

అమ్మణ్ణీ,

నువ్వు పంపిన ఫుట్‌బాల్ పోటీల పట్టిక నిదానంగా చదివాను. తిరుత్తణి, తిరువళ్లూరు వైపు 16 ప్రాథమిక బడులు, బడికి 11 మంది, నాకౌట్ పద్ధతి, తిరువళ్లూరులో ఫైనల్, గెలిచినవాళ్లకు పెద్ద షీల్డు. ఎవరూ చెప్పకుండానే, జీతంలో ఒక్క రూపాయి పెరగదని తెలిసీ ఇంత బరువు నెత్తికెత్తుకున్నావు. మీ అవ్వ అయితే ఊరంతా చెప్పుకొస్తోంది. నాకూ గర్వంగానే ఉంది.

నువ్వు పట్టుకున్న పని ఎంత అవసరమో ముందు చెప్పనీ. మన తమిళనాడులో బడుల ఆటల పోటీలంటే 14 ఏళ్ల లోపు, 17 ఏళ్ల లోపు, 19 ఏళ్ల లోపు అని మొదలవుతాయి. భారతియార్ దినం పేరుతో, గణతంత్ర దినం పేరుతో జరిగేవీ ఆ లెక్క ప్రకారమే. దేశంలో బడి ఫుట్‌బాల్‌కు పెద్దపేరున్న సుబ్రతో కప్పు 1960లో మొదలైంది. అదీ హైస్కూలు ఈడు వాళ్లదే. ఒకటి నుంచి అయిదు దాకా చదివే పిలకాయలకు అలాంటి మెట్టు ఏదీ లేదు. పంచాయతీ యూనియన్ ప్రాథమిక బడిలో సాధారణంగా పీటీ సారు పోస్టే ఉండదు. లెక్కలు చెప్పే టీచరమ్మే ఈల ఊదాలి. కాళ్లూ చేతులూ ఆట నేర్చుకోవడానికి ఒదిగే వయసేమో సరిగ్గా అదే. ఆ ఖాళీ నీ కంటబడింది చూడు, అందుకు మెచ్చుకుంటున్నాను.

నాకు మింగుడుపడంది ఆ నాకౌట్. లెక్క వేసి చూడు. 16 జట్లకు నాకౌట్ పెడితే మొత్తం 15 మ్యాచ్‌లు. మొదటి రౌండు అయ్యేసరికి 8 బడులు ఇంటిదారి పడతాయి. తలకు నూనె రాయించుకుని, ఉతికిన చొక్కా వేసుకుని, బస్సులో కిటికీ పక్క సీటు కోసం కొట్లాడి వచ్చిన బిడ్డకు దక్కేది ఒక్క ఆట. పక్కన కూర్చోబెట్టిన వాడికి అదీ లేదు. గెలిచిన బడిలో మాత్రం బంతి ఎవరి దగ్గర తిరుగుతుంది? వయసుకు మించి ఎదిగిన ఇద్దరు ముగ్గురి కాళ్ల దగ్గర. ఓడిపోయిన బడికే కదా ఇంకో రెండు ఆటలు ఎక్కువ కావాల్సింది? నాకౌట్ ఆ బడినే అందరికంటే ముందు బస్సెక్కిస్తుంది.

పోటీ వద్దనడం లేదు. గెలుపూ ఉండనీ, ఓటమీ ఉండనీ. పిలకాయలకు స్కోరు మనకంటే బాగా గుర్తుంటుంది, దాచిపెట్టినా దాగదు. నేను కోరేది ఇంతే: నీ పోటీలో ఏ బడీ మధ్యలో ఇంటికి పోకూడదు, ఏ బిడ్డా ఆడకుండా ఇంటికి పోకూడదు. ఈ రెండూ గట్టిగా పట్టుకుంటే మిగతా నిబంధనలన్నీ వాటంతటవే కుదురుకుంటాయి. ఎట్లాగో చెబుతాను, ఓపికగా విను.

ముందు 11 మందిని 5కి దించు. మన వైపు కొన్ని ప్రాథమిక బడుల్లో అయిదు తరగతులూ కలిపితే పాతికమంది ఉండరు; టీచర్లు ఇద్దరే. అక్కడ 11 మంది జట్టు కట్టాలంటే మూడో తరగతి బుడతల్ని కూడా లాక్కొచ్చి నిలబెట్టాలి. 5 మంది జట్టయితే ఎంత చిన్న బడైనా కట్టగలదు. ఇంకో సంగతి. పెద్ద గ్రౌండులో 22 మంది చిన్నపిల్లల్ని వదిలితే వాళ్లంతా బెల్లంచుట్టూ చీమల్లా బంతి చుట్టూ ముసురుతారు. సగంమందికి బంతి కాలికి తగలకుండానే ఆట అయిపోతుంది. అయిదుగురికి అయిదుగురయితే తప్పించుకోవాలన్నా తప్పించుకోలేరు. బంతే వెతుక్కుంటూ వస్తుంది.

ఇది నా సొంత వింత అనుకోకు. ఇంగ్లాండులో బడిపిల్లల ఫుట్‌బాల్ సంఘం 1904లోనే పుట్టింది. అంత అనుభవమున్న దేశంలో కూడా 2012లో కూర్చుని పద్ధతి మార్చుకున్నారు: 8 ఏళ్ల లోపు వాళ్లకు అయిదుగురు, 10 ఏళ్ల లోపు వాళ్లకు ఏడుగురు, 12 ఏళ్ల లోపు వాళ్లకు తొమ్మిదిమంది. జర్మనీ వాళ్లు ఇంకో అడుగు ముందుకు వేసి, 2024 నుంచి చిన్నపిల్లల ఆటలో పాయింట్ల పట్టికలే తీసేశారు. ఇద్దరేసి, ముగ్గురేసి చిన్న గోల్‌పోస్టుల మధ్య ఆడిస్తున్నారు. ప్రపంచకప్పు నాలుగుసార్లు గెలిచినవాళ్లమ్మా వాళ్లు, ఆట తెలియక చేసిన పని కాదు. మన దేశంలోనూ అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య 2018లో గోల్డెన్ బేబీ లీగ్స్ అని పసిపిల్లలకు లీగులు మొదలుపెట్టింది. లీగు అంటే ఓడినా మళ్లీ ఆడేది. మన తిరుత్తణి ఆ వరసలో నిలబడితే తప్పేముంది?

ఇప్పుడు పట్టిక. 16 బడుల్ని నాలుగేసి చొప్పున నాలుగు గుంపులు చెయ్యి. గుంపులో ప్రతి బడీ మిగతా మూడింటితో ఆడుతుంది. గుంపుకు 6 ఆటలు, మొత్తం 24. పూర్తి కొలతల గ్రౌండు ఒకటి దొరికితే దాన్ని అడ్డంగా నాలుగు చిన్న కోర్టులు చేయొచ్చు. 35 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు చాలు. అయిదు నిమిషాల సగాలు రెండు, నడుమ రెండు నిమిషాల విరామం, జట్లు మారడానికి మూడు నిమిషాలు, మొత్తం పావుగంట. నాలుగు కోర్టుల్లో ఒకేసారి ఆడిస్తే 24 ఆటలూ గంటన్నరలో అయిపోతాయి. ఒక శనివారం పొద్దున ఆరున్నరకు మొదలుపెట్టావంటే ఎనిమిదికల్లా ముగించేస్తావు. ఎండ ముదరకముందే అందరూ నీడకు చేరతారు.

మరుసటి శనివారం అవే 16 బడులూ మళ్లీ రావాలి. గుంపుల్లో మొదట నిలిచిన నాలుగూ ఒకదానితో ఒకటి ఆడతాయి. రెండో స్థానం నాలుగూ ఒక వైపు, మూడో స్థానం నాలుగూ ఒక వైపు, నాలుగో స్థానం నాలుగూ ఒక వైపు. ఒక్కో వైపు రెండు సెమీఫైనళ్లు, ఒక ఫైనల్, మూడో స్థానానికి ఒక ఆట. ఆ రోజు 16 ఆటలు, గంటలో పూర్తి. లెక్క తేల్చుకో: రెండు పొద్దుల్లో 40 ఆటలు, ప్రతి బడికీ సరిగ్గా అయిదు. మొదటివారం మూడూ ఓడిన బడి రెండోవారం తన ఈడుజోడుతో తలపడుతుంది. గెలిచే దారి వాళ్లకూ ఉంటుంది. ఛాంపియన్ ఎవరని అడిగే అధికారికి చూపించడానికి ఛాంపియనూ ఉంటారు. నీ నాకౌట్ ఇచ్చేది 15 ఆటలే, గుర్తుందిగా?

జట్టులో 8 మందిని రాయించు. కోర్టులో అయిదుగురే ఉన్నా, ప్రతి బిడ్డా ప్రతి ఆటలో కనీసం అయిదు నిమిషాలు ఆడి తీరాలన్న షరతు పెట్టు. పది నిమిషాల ఆటలో అయిదుగురి వంతు కలిపితే 50 నిమిషాలు. ఎనిమిదిమందికి అయిదేసి ఇచ్చినా 40. ఇంకా పది మిగులుతాయి. అంటే కుదరదని చెప్పే వీలు ఎవరికీ లేదు. ఒక పెద్దపిల్లకు నోటుబుక్కు ఇచ్చి గోల్స్ రాయించడంతోపాటు ఎవరు ఎన్ని నిమిషాలు ఆడారో కూడా రాయించు. నీ పోటీకి అసలు రికార్డు ఆ నోటుబుక్కే.

ఆ ఎనిమిదిమందిలో నలుగురు ఆడపిల్లలు ఉండాలి. ఆట నడుస్తున్నంతసేపూ కోర్టులో కనీసం ఇద్దరు. ఆడపిల్లలకు వేరే పోటీ పెడదామని ఎవరైనా అంటే ఈ వయసుకు అక్కర్లేదని చెప్పు. పదేళ్ల లోపు బలంలో తేడా పిల్లకూ పిల్లకూ ఉంటుందే గాని మగపిల్లాడికీ ఆడపిల్లకూ కాదు. మన రాష్ట్రపు ఆడపిల్లలు 2018లోనూ 2023లోనూ జాతీయ సీనియర్ మహిళల ఫుట్‌బాల్ గెలుచుకొచ్చారని ఈ చుట్టుపక్కల ఎంతమంది అమ్మానాన్నలకు తెలుసు? నిజామాబాదు వైపు నుంచి వచ్చిన సౌమ్య గుగులోత్ దేశం తరపున ఆడుతోందని ఎంతమందికి తెలుసు? నువ్వే చెప్పాలి. మరుగుదొడ్డి లేని గ్రౌండు మాత్రం ఎంత బాగున్నా ఒప్పుకోకు. ఆడపిల్లలు రెండోవారం రాకపోవడానికి చాలాసార్లు అదొక్కటే కారణమవుతుంది.

ఇక రహీం సాబు సంగతి చెప్పకుండా ఈ ఉత్తరం ముగించలేను. ఆమధ్య 2024లో 'మైదాన్' అని హిందీ సినిమా వచ్చింది కదా, ఆయన కథే. హైదరాబాదు సయ్యద్ అబ్దుల్ రహీం. మన జట్టుకు 1951లోనూ 1962లోనూ ఏషియాడ్ బంగారు పతకాలు తెచ్చిపెట్టిన కోచ్, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం దాకా నడిపించిన మనిషి. సినిమా చూసినవాళ్లు ఆ పతకాలు గుర్తుపెట్టుకుంటారు. నువ్వు గుర్తుపెట్టుకోవాల్సింది వేరే ఉంది: ఆయన బడి పంతులు. నీ వృత్తే. హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి 1943 నుంచి కార్యదర్శిగా ఉంటూ కుర్రవాళ్లకు చిత్రమైన పోటీలు పెట్టించేవాడు. ఒక పోటీలో డ్రిబ్లింగ్ నిషేధం: బంతి అందగానే ఇంకొకరికి పాస్ ఇవ్వాల్సిందే. ఇంకో పోటీలో అలవాటు లేని కాలితోనే ఆడాలి. కుడికాలి వాటం వాడు ఎడమకాలితో తన్నాలి. పొట్టి కుర్రవాళ్లకు ఎత్తు కొలిచి వేరే పోటీ.

ఆయన ఎత్తుగడ గమనించావా? నేర్పాల్సిన పాఠాన్ని నిబంధనలోనే పెట్టేశాడు. పాస్ ఇవ్వండ్రా అని గొంతు చించుకునే పని లేదు. అందరికంటే గట్టిగా తన్నే పిల్లవాడు కూడా ఎడమకాలి ఆటలో తడబడతాడు. ఆ పక్కన నిన్నటిదాకా ఎవరి కంటికీ ఆనని పిల్ల వాడితో సమానమవుతుంది. నీ అయిదు ఆటల్లో ఒక్కటి రహీం సాబు పద్ధతిలో పెట్టు. మొదటివారం మూడో ఆటలో రెండో సగమంతా డ్రిబ్లింగ్ లేకుండా ఆడించు. పిలకాయలు పగలబడి నవ్వుతారు, నేర్చుకుంటారు కూడా.

పెద్దపిల్లల ఆధిక్యం గురించి ఇంకో మాట. అయిదో తరగతిలో ఒకే బెంచీ మీద కూర్చున్న ఇద్దరి మధ్య పదకొండు నెలల తేడా ఉండొచ్చు. ఆ వయసులో పదకొండు నెలలంటే రెండు మూడు వేళ్ల ఎత్తు, అంతకు తగ్గ వేగం. ముందు పుట్టినవాడికి ఆట వచ్చని మనం పొరబడతాం, వాడినే మళ్లీ మళ్లీ ఎంపిక చేస్తాం, వాడే ఇంకా నేర్చుకుంటాడు. వెనక పుట్టినవాడు మెల్లగా ఆట మానేస్తాడు. ఆటల మీద పరిశోధన చేసేవాళ్లు చాలా దేశాల్లో కనిపెట్టిన సంగతి ఇది. కాబట్టి ఎంపిక పోటీలు పెట్టొద్దు, ఉత్తమ ఆటగాడు బహుమతి పెట్టొద్దు, జిల్లా జట్టు అనే మాటే ఈ వయసులో ఎత్తొద్దు. వయసు ధ్రువపత్రాల గొడవలోకీ దిగకు. ఏ తరగతిలో ఉన్నారో విద్యాశాఖ కంప్యూటర్ రికార్డు ఎమిస్‌లో ఉంటుంది. 4, 5 తరగతులు ఒక జట్టు అనుకుంటే చాలు. మూడో తరగతి లోపు వాళ్లకు పోటీయే వద్దు. పక్కన ఒక బంతి పడేసి వదిలెయ్, వాళ్ల నిబంధనలు వాళ్లే రాసుకుంటారు.

ఆట సరంజామా జాగ్రత్తగా చూడు. దుకాణంలో అడిగితే 5వ నంబరు బంతి ఇస్తారు. అది పెద్దవాళ్లది, 410 నుంచి 450 గ్రాములు. నీకు కావాల్సింది 4వ నంబరు, 350 నుంచి 390 గ్రాములు. తలతో కొట్టడం పూర్తిగా నిషేధించు. అమెరికాలో 2015లో పదేళ్ల లోపు పిల్లలకు తీసేశారు. ఇంగ్లాండులో 2020 నుంచి ప్రాథమిక బడి ఈడు పిల్లలకు సాధనలో కూడా తలతో కొట్టడం నేర్పడం లేదు. ఎదిగే మెదడుతో పందెం వద్దు. ఆఫ్‌సైడ్ వద్దు. బంతి గీత దాటితే చేత్తో విసరడానికి బదులు కాలితో తన్నించు. ఒక జట్టు నాలుగు గోల్స్ వెనకబడితే ఆరో మనిషిని దింపుకోనివ్వు. పన్నెండు సున్నాతో ఓడించడంలో ఓడినవాడికే కాదు, గెలిచినవాడికీ ఒరిగేదేమీ ఉండదు.

బూట్ల దగ్గర గట్టిగా ఉండు. మగ్గాల ఇళ్ల నుంచి, కూలి ఇళ్ల నుంచి వచ్చే పిలకాయల్లో చాలామందికి ఆట బూట్లు ఉండవు. పక్క ప్రైవేటు బడి పిల్లవాడు అడుగున ముళ్లున్న బూట్లతో వస్తే ఉత్తకాళ్ల వాడి వేళ్లు నుజ్జవుతాయి. ముళ్ల బూట్లు ఎవరికీ వద్దు. ఉత్తకాళ్లు గాని, మామూలు కాన్వాసు బూట్లు గాని. 1948 లండన్ ఒలింపిక్స్‌లో మన జట్టులో ఎక్కువమంది ఉత్తకాళ్లతోనే ఫ్రాన్సుతో ఆడి 2-1 తేడాతో మాత్రమే ఓడారు. బూట్లు లేని బిడ్డకు ఈ కథ చెప్పు, సిగ్గుపడకుండా ఆడతాడు. అయితే ఉత్తకాళ్ల ఆటంటే నేల బాధ్యత నీది. ముందురోజు సాయంత్రం నువ్వే చెప్పులు విప్పి గ్రౌండంతా నడువు. పల్లేరుకాయలు, తుమ్మముళ్లు, సీసాపెంకులు నీ కాలికి తగలకపోతే పిలకాయల కాళ్లకూ తగలవు.

గీతలకు సున్నం వాడతామంటారు. వద్దు. చెమటపట్టిన చర్మానికీ కంటికీ మంట. బోర్లా పడ్డ బిడ్డ కంట్లోకి పోతే చాలా ప్రమాదం. ముగ్గుపిండి చాలు. ఇనుప గోల్‌పోస్టులు తెచ్చి ఊరికే నిలబెట్టనివ్వకు. పిలకాయలు పట్టుకుని ఊగుతారు, అవి మీద పడి ప్రాణాలు పోయిన సంఘటనలు లోకంలో ఎన్నో ఉన్నాయి. రెండు వెదురు బొంగులు లోతుగా పాతి, పైన తాడు కట్టించు. తలకు దెబ్బ తగిలిన బిడ్డ బాగానే ఉన్నానని ఎంత చెప్పినా ఆ రోజుకు మళ్లీ ఆడకూడదు. ఇందులో హెడ్మాస్టరు మాటా వినకు, నా మాటా వినకు.

రోజు ఎంచుకోవడం ఇంకో విద్య. తిరుత్తణి సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు పుట్టిన ఊరు కాబట్టి సెప్టెంబరు 5న పెట్టమని నలుగురు సలహా ఇస్తారు. ఆ మహానుభావుడికి దండం పెట్టుకుని వేరే రోజు చూసుకో. ఆ రోజు ఉపన్యాసాల రోజు. పిలకాయల ఆట వాటి కింద నలిగిపోతుంది. ఆడి కృత్తికకు కావళ్లతో ఊరు నిండిపోతుంది, బస్సులో నిలబడే చోటు ఉండదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనం. డిసెంబరు 31న 365 మెట్ల మీద పడిపూజలు. ఇక మార్చి దాటితే ఎండ. పొంగల్ సెలవులయ్యాక జనవరి ఆఖరి శనివారం, ఫిబ్రవరి మొదటి శనివారం నాకు మంచివనిపిస్తున్నాయి.

శనివారం అన్నాను కదా, దాంట్లో ఒక చిక్కుంది. ముఖ్యమంత్రి ఉదయం ఫలహారం పథకం 2022 సెప్టెంబరులో మొదలై, 2023 ఆగస్టు నుంచి రాష్ట్రమంతా ప్రభుత్వ ప్రాథమిక బడులకు వచ్చింది. కాని అది బడి నడిచే రోజుల్లోనే. సెలవు రోజు ఆరింటికి గ్రౌండుకు రమ్మంటే ఖాళీ కడుపుతో వచ్చే బిడ్డలుంటారు. రాగానే ఒక అరటిపండు, ఆటల మధ్య ఉప్పేసిన మజ్జిగ, అన్నీ అయ్యాక వేడివేడి ఇడ్లీ. డబ్బు తక్కువైతే ఇంకేదైనా తగ్గించు గాని దీన్ని తగ్గించకు.

ఫైనల్ తిరువళ్లూరులో ఎందుకమ్మా? పళ్లిపట్టు వైపు బడి నుంచి బిడ్డను తెల్లవారకముందే లేపి, తిరుత్తణి దాకా బస్సు, అక్కడి నుంచి అరక్కోణం మీదుగా రైలు, స్టేషనులో దిగి మళ్లీ ఆటో. పది నిమిషాల ఆటకు ఆరు గంటల ప్రయాణం. జిల్లా కేంద్రంలో చేస్తే పేపర్లో పడుతుంది, నిజమే. పడకపోతే ఏం? నాలుగు గుంపుల్ని నాలుగు ఊళ్ల చుట్టూ కట్టుకో: తిరుత్తణి, పళ్లిపట్టు, ఆర్.కె.పేట, తిరువళ్లూరు. మొదటివారం ఎవరి దగ్గర వాళ్లు ఆడతారు. అప్పుడు ఒక్కో చోట ఒక్క కోర్టు చాలు, అదే గంటన్నర. రెండోవారం మాత్రం అందరూ నడుమనున్న తిరుత్తణికి వస్తారు. దూరపు బడులకు ఆ రోజు వ్యాను మాట్లాడు, ఆట ఎనిమిదింటికి మొదలుపెట్టు. పిలకాయలకు అదే పెద్ద తిరునాళ్లు.

మన ఊళ్ల సంగతి నీకు కొత్తగా చెప్పక్కర్లేదు. 1911 నుంచి చిత్తూరు జిల్లాలో ఉన్న తిరుత్తణి 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రంలో కలిసింది. అదే రోజు సత్యవేడు ఆంధ్రకు పోయింది. 1997లో తిరువళ్లూరు జిల్లా అయింది. పెద్దలు గీతలు గీసుకున్నా ఇళ్లల్లో మాటలు అట్లాగే ఉన్నాయి. నీ 16 బడుల్లో తెలుగు మాధ్యమం బడీ ఉంటుంది, తమిళ బడీ ఉంటుంది. తెలుగు బడి, తమిళ బడి అని ఎవరైనా జట్లకు పేరు పెట్టబోతే మొదట్లోనే తుంచెయ్. రెండోవారం ఆటలన్నీ అయ్యాక ఒక్క అరగంట అన్ని బడుల పిలకాయల్నీ కలిపేసి, ఎరుపు, పసుపు, నీలం, పచ్చ గుడ్డపట్టీలు కట్టి ఆడించు. పళ్లిపట్టు పిల్ల తిరువళ్లూరు పిల్లవాడికి పాస్ ఇస్తుంది. ఏ భాషలో అడిగాడో ఇద్దరికీ పట్టదు. రహీం సాబు చేతిలో రాటుదేలిన తులసీదాస్ బలరాం తమిళ కుటుంబంలో సికింద్రాబాదు అమ్ముగూడలో పుట్టినవాడు. రెండు ఒలింపిక్స్ ఆడాడు, 1962లో జకార్తాలో బంగారు పతకం తెచ్చిన జట్టులో ఉన్నాడు. అక్కడి తమిళబిడ్డను తెలుగునేల ఆడించింది. ఇక్కడి తెలుగుబిడ్డ ఈ నేల మీద ఆడడానికి మొహమాటం దేనికి? వీలైతే వచ్చే ఏడాది నగరి నుంచి నాలుగు బడుల్ని పిలువు, సరిహద్దు ఎంత దూరమని.

ఇక పెద్దవాళ్లు. ఆటలో పిలకాయల్ని అదుపు చేయడం తేలిక, మనల్ని అదుపు చేయడమే కష్టం. కోర్టుకు మూడు మీటర్ల అవతల తాడు కట్టించు. అమ్మానాన్నలు, టీచర్లు అందరూ దానికి అవతలే. చప్పట్లు కొట్టొచ్చు, ఎటు తన్నాలో అరిచి చెప్పకూడదు. రిఫరీని తిట్టిన మనిషి ఎవరైనా సరే, ఆ ఆట అక్కడే రెండు నిమిషాలు ఆపెయ్. రిఫరీలుగా హైస్కూలు ఫుట్‌బాల్ పిల్లల్ని పెట్టుకో, ఒకరోజు ముందే కూర్చోబెట్టి నిబంధనలు చెప్పు. ముఖ్య అతిథుల్ని పిలవక తప్పదు, పిలువు. శాలువాలూ మాటలూ ఆటలయ్యాక, పిలకాయలు నీడలో ఇడ్లీ తింటున్నప్పుడు. మీటింగుకోసం ఎండలో వరసగా నిలబెడితే మాత్రం నేను వచ్చి నీతో అందరి ముందే పోట్లాడతాను. పిలకాయల ఫోటోలు అమ్మానాన్నల్ని అడగకుండా వాట్సాప్‌లో పెట్టొద్దు.

షీల్డు మానుకో. షీల్డుకూ మెడళ్లకూ ఫ్లెక్సీకీ పోగయ్యే డబ్బుతో బంతులు కొను. ప్రతి బడికీ రెండు బంతులు, ఒక పంపు. ఛాంపియన్‌కూ అదే, పదహారో స్థానానికీ అదే. షీల్డు హెడ్మాస్టరు గదిలో అద్దాల బీరువాలోకి పోతుంది, దాని మీద మళ్లీ ఎవరి చెయ్యీ పడదు. ప్రవేశ రుసుము ఒక్క రూపాయి కూడా తీసుకోకు. డబ్బిచ్చే దాతకు పేరు కావాలంటే బంతి మీద రాయించు, కాళ్లకు తగిలినా ఫరవాలేదంటేనే సుమా!

ఇదంతా విని మీ హెడ్మాస్టరు "షీల్డు లేదు, ఎంపిక లేదు, జిల్లా ఫైనల్ లేదు, ఇదేం పోటీ?" అంటారు. కోప్పడకు. ఆయనా మంచికే అడుగుతారు. పై నుంచి ఆయన్ని అడిగేవాళ్లుంటారు. నోటుబుక్కు చూపించు. 16 బడులు, 128 మంది పిలకాయలు, అందులో 64 మంది ఆడపిల్లలు, 40 ఆటలు, ప్రతి బిడ్డా తక్కువలో తక్కువ 25 నిమిషాలు. ఇన్ని అంకెలున్న నివేదిక చూసి ఏ అధికారీ పెదవి విరవడు.

అన్నీ అయ్యాక పోటీ బాగా జరిగిందో లేదో ఎవర్ని అడగాలో కూడా చెబుతాను. గెలిచిన బడిని అడగొద్దు, వాళ్లు బాగుందనే అంటారు. పదహారో స్థానంలో నిలిచిన బడికి ఫోన్ చెయ్యి. సోమవారం ఇంటర్వెల్‌లో వాళ్ల పిలకాయలు ఆ రెండు బంతులూ బయటికి తీశారా అని కనుక్కో. తీశారంటే వచ్చే ఏడాది 32 బడులకు పట్టిక వెయ్యి. తీయలేదంటే, ఆ బడికి నువ్వే ఒకరోజు వెళ్లి పిలకాయలతో ఆడిరా. ఎందుకు తీయలేదో వాళ్లే చెబుతారు. దాన్నిబట్టి నిబంధనలు మళ్లీ దిద్దుకో.

తారీఖు ఖాయం కాగానే రాయి. మజ్జిగ పని మీ అవ్వ చూసుకుంటానంది, ముగ్గుపిండి పని నాది. చల్లగా ఉండు తల్లీ.

మీ తాత